డిసెంబరు 31 రాత్రి ఒట్టు పెట్టుకోకండి

నా బైబిలు వెనక అట్ట లోపలివైపు ఏడు వాక్యాలున్నాయి. అన్నీ నా చేతిరాతే, అన్నీ ఒకే వాక్యం: ఈ ఏడాది పిల్లాడి మీద చెయ్యి ఎత్తను. మారింది సిరా మాత్రమే. కొన్ని నీలం, కొన్ని నలుపు, ఒకటి పరీక్ష పేపర్లు దిద్దే ఎర్రపెన్నుతో రాసింది. ప్రతిదాని పక్కనా జనవరి 1 అని తేదీ. వాచ్‌నైట్ ఆరాధన ముగిశాక, పళ్లెంలోంచి కొత్త ఏడాది వాగ్దానం కార్డు తీసుకుని, అందరికీ శుభాకాంక్షలు చెప్పి, రాత్రి ఒంటిగంటకి ఇంటికొచ్చి, కట్టుకున్న పట్టుచీరైనా మార్చుకోకుండా మంచం అంచున కూర్చుని రాసుకున్నవి. ఏడింటిలో ఒక్కటి కూడా సంక్రాంతి సెలవుల దాకా నిలవలేదు.

నేను టీచర్ని. మాది ఒంగోలు. బడిలో నలభైమందిని కంటిచూపుతో కూర్చోబెట్టగలను. ఇంట్లో ఒక్కడి దగ్గర నా వల్ల కాలేదు. ఏడో ఏడాది ఒక సాయంత్రం అట్లకాడతో కొట్టాను. పొయ్యి మీది నుంచి తీసింది కాదు, కానీ అంచు తగిలి మోచేతి కింద తోలు లేచింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, చింతగింజంత. వాడికి దోసె వడ్డించేటప్పుడు నా కళ్లు ముందు అక్కడికే పోతాయి.

ఆ తర్వాత నేర్చుకున్నవాటిని సలహాలుగా రాస్తున్నాను. వింటే తలకిందులుగా ఉంటాయి. మన కూటాల్లో సాధారణంగా చెప్పే మాటలకి కొన్ని ఎదురు కూడా. మా అత్తయ్య వీటిలో సగం ఇప్పటికీ ఒప్పుకోదు. నేను మాత్రం ఒక్కో మాటా నమ్మే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందుది: ఒట్టు పెట్టుకోకండి. కొత్త ఏడాదికి తీర్మానం చేసుకోకండి. ఉజ్జీవ కూటంలో పిలుపు ఇచ్చినప్పుడు కన్నీళ్లతో ముందుకెళ్లి ‘ఈ క్షణం నుంచి మానేస్తున్నాను ప్రభువా’ అనకండి. ఆ మాట చెప్పేటప్పుడు మనం నమ్ముతున్నది ఎవర్ని? నా ఏడు వాక్యాల్లో దేవుడి పేరు లేదు. ఎన్నిసార్లు చదువుకున్నా నాకది తట్టలేదు. ‘ఎత్తను’ అన్న క్రియలోనే ‘నేను’ దాక్కుని కూర్చుంది. ఏటా ఆ నేనునే జమానతు పెట్టి, ఏటా దాన్నే జప్తు చేయించుకున్నాను.

పేతురు సంగతి చూడండి. ఆ రాత్రి బల్ల దగ్గర అందరికంటే గట్టిగా మాటిచ్చినవాడు అతనే. కోడి కూసేలోపు మూడుసార్లు తప్పాడు. అదీ మొదట ఒక పనిపిల్ల అడిగినదానికే. ఇంతవరకు సండే స్కూలు పిల్లలకి కూడా కంఠతా వచ్చు. రెండో సగం మీద ప్రసంగాలు తక్కువ విన్నాను. యేసు తిరిగి లేచాక తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి, శిష్యుల్ని పిలిచి తినమన్నాడు. ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట పేతురు చలికాచుకుంటూ బొంకిందీ నిప్పుల దగ్గరే. మళ్లీ నిప్పులు, మళ్లీ మూడు ప్రశ్నలు. ఆయన అడిగింది ప్రేమ గురించి. ఇకమీదట అలా చెయ్యనని మాటియ్యి అని ఒక్కసారీ అడగలేదు. ప్రమాణం చేయించుకోలేదు. గొర్రెల్ని అప్పజెప్పాడు. నేను ఏడేళ్లపాటు దేవుడికి ఇచ్చుకుంటూ వచ్చింది ఆయన అడగని వస్తువు అని ఆ అధ్యాయం చదివిన రోజున తెలిసింది.

ఎనిమిదో వాక్యం కూడా ఆ అట్ట మీదే ఉంది. ‘నా వల్ల కాదు.’ దాని పక్కన తేదీ వేసుకోలేదు. జనవరి కూడా కాదు, ఆగస్టులో ఒక మామూలు మంగళవారం.

ఆ మాట రాయడం ఓడిపోవడం అనుకునేవాళ్లు గిద్యోను కథ ఇంకోసారి చదవాలి. మిద్యానీయుల మీదకి 32,000 మందితో బయల్దేరితే దేవుడు ఎక్కువయ్యారన్నాడు. భయపడే 22,000 మందిని పంపేశాడు. మిగిలిన పదివేలూ ఎక్కువే అన్నాడు. చివరికి 300 మంది. గెలిస్తే మా చేతుల బలమే అని చెప్పుకుంటారేమోనని ఆయన జాగ్రత్త. మనమేమో ఉన్న మూడొందల మందినీ ముప్ఫైరెండు వేలుగా లెక్క చూపించి సాయం అడుగుతాం.

ఇక రెండోది. రేపటికి సరిపడా బలం అడగకండి.

‘ప్రభువా, నాకు ఓర్పు ఇయ్యి’ అని పొద్దున్నే అడిగేదాన్ని. అడిగాక ఇచ్చేశాడనుకుని, ఆ ఓర్పు ఇక నా సొంత సరుకన్నట్టు పర్సులో వేసుకుని బడికి పోయేదాన్ని. సాయంత్రం తీసి చూస్తే ఏమీ ఉండేది కాదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి మన్నా పడినప్పుడూ ఇదే జరిగింది. మనిషికి ఒక ఓమెరు, ఆ రోజుకి ఆ రోజే. తెల్లారేదాకా దాచినవాళ్లది పురుగుపట్టి కంపుకొట్టింది. విశ్రాంతి దినానికి ముందురోజు మాత్రమే రెండింతలు, అదీ ఆయన చెప్పాడు కాబట్టి. నలభై ఏళ్లపాటు ఒక్క కుటుంబానికీ గాదె నింపుకునే వీల్లేదు. దేవుడి బలం కూడా అలాంటిదే అని నేను పడిపడి నేర్చుకున్నాను. అది నిలవ ఉండదు. నిలవ ఉంటే మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లే పని మనకుండదు.

కాబట్టి నేను రోజుని కాదు, గంటని చూడటం మొదలుపెట్టాను. నాకు కోపం రోజంతా రాదు. బడి నుంచి వచ్చి, బ్యాగు కుర్చీలో పడేసి, ఒక పొయ్యి మీద కూర, ఇంకో పొయ్యి మీద అన్నం పెట్టి, వాడి హోంవర్కు పుస్తకం తెరిచే వేళకి వస్తుంది. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా. ఏడేళ్లలో జరిగినవన్నీ గుర్తు చేసుకుని ఒక కాగితం మీద రాస్తే దాదాపు అన్నీ ఆ గంటన్నరలోనే పడ్డాయి. ఇంకోటి కూడా బయటపడింది. మధ్యాహ్నం పన్నెండున్నరకి తిన్న క్యారేజీ తప్ప ఆ వేళకి నా కడుపులో ఏమీ ఉండదు.

దేవుడి మీద ఆధారపడేవాళ్లు కోపం తగ్గడానికి అరటిపండు తింటారా అని నవ్వేవాళ్లుంటారు. ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని ఇక చాలు, చచ్చిపోతాను అన్నప్పుడు దేవుడి దూత ఏం చేశాడు? ప్రసంగం చెయ్యలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు చూపించాడు. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. ప్రయాణం గురించిన మాట ఆ తర్వాతే. నేను బడి గేటు దాటకముందే ఒక అరటిపండు తింటాను. మా సందు మలుపులో ఆటో దిగాక కరెంటు స్తంభం పక్కన ఒక్క నిమిషం నిలబడి, ఈ గంటన్నరకి చాలినంత ఇయ్యి అంటాను. రేపు సాయంత్రానికి రేపు అడుగుతాను. ఆ స్తంభం దగ్గర ఎందుకు ఆగుతానో ఎదురింటి కిరాణా అతనికి ఇప్పటికీ తెలియదు.

మూడోది చెప్పడానికి సులువు, చెయ్యడానికి ప్రాణం పోతుంది. మీ తప్పుని దేవుడికి మాత్రమే చెప్పి ఊరుకోకండి. ఒక మనిషికి చెప్పండి.

మనకి దేవుడితో చెప్పుకోవడం అలవాటే. మోకాళ్ల మీద ఎంత ఏడ్చినా లేచాక మన పరువుకి ఏమీ కాదు. మనిషితో చెబితే పోతుంది. అందుకే చెప్పాలి. మా స్త్రీల కూటంలో ఒక అక్క ఉంది. ఏఎన్ఎంగా చేసి రిటైరైంది. ప్రార్థన మనవులు చెప్పే వేళ నేను ఎప్పుడూ అత్తయ్య మోకాళ్ల నొప్పి, మరిది ఉద్యోగం చెప్పేదాన్ని. ఆగస్టులో ఆ వారం అందరూ వెళ్లాక చాపలు మడతపెడుతూ అక్కతో అన్నాను, ‘అక్కా, నేను పిల్లాణ్ణి కొడుతున్నాను. రక్తం వచ్చేలా కొట్టాను.’ అక్క ప్రార్థన చెయ్యలేదు, వచనం చెప్పలేదు. చాప కింద పెట్టి, ‘రోజూ ఏ టైముకి?’ అని అడిగింది. ఆ రోజు నుంచి ఏడింటికి ఫోన్ చేసేది. ‘ఏమ్మా?’ అంటుంది. నేను ‘లేదక్కా’ అనో, ‘అయ్యిందక్కా’ అనో అంటాను. అంతే, అర నిమిషం. అయ్యిందన్న రోజుల్లో ఆమె గొంతు మారలేదు. నా గొంతే మారేది.

ఇది అక్క కనిపెట్టింది కాదు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జాన్ వెస్లీ సంఘానికి కూటపు భవనం అప్పు తీర్చాల్సి వచ్చింది. వారానికి తలా ఒక పెన్నీ వసూలు చేయడానికి పన్నెండుమందికి ఒకర్ని పెట్టారు. ఆ వసూలుకి ఇల్లిల్లూ తిరిగినవాళ్లకి ఎవరు ఎలా బతుకుతున్నారో తెలిసింది. వెస్లీకి కావాల్సింది అదేనని అర్థమై, క్లాస్ మీటింగ్ అనే పద్ధతి అక్కడి నుంచి పుట్టింది. వారానికోసారి కూర్చుని, నీ ప్రాణం ఎలా ఉంది అని ఒకర్నొకరు అడగడం. మెథడిస్టు ఉద్యమం నిలబడింది మైదానంలో ప్రసంగాల మీదే కాదు, ఈ పన్నెండుమంది గదుల మీద కూడా.

ఇక్కడే ఇంకో సలహా. దీనికి మా అత్తయ్య అస్సలు ఒప్పుకోలేదు. పిల్లల్ని క్షమాపణ అడగండి. ‘పెద్దవాళ్లు పిల్లల్ని అడగడమేమిటమ్మా, నెత్తికెక్కి కూర్చుంటారు’ అంది. ఆమె కాలంలో అంతే, ఆమెనీ అలాగే పెంచారు. నేను వాడి మంచం పక్కన కింద కూర్చుని అడిగాను. ‘నీ చేతి మీద మచ్చ నా తప్పు. నువ్వు లెక్క తప్పు చేసినందుకు వచ్చింది కాదు’ అన్నాను. కొట్టే తల్లిదండ్రులందరం ఒక చిన్న కిటుకు చేస్తాం. క్షమించమని అంటూనే ‘నువ్వు కూడా అలా విసిగించకూడదు కదా’ అని తోక తగిలిస్తాం. ఆ తోక తీసేసి అడగడానికే నాకు మూడు వారాలు పట్టింది. వాడు పదేళ్లవాడు. ఏమీ అనలేదు. దుప్పటి ముఖం మీదకి లాక్కున్నాడు. ఏడుస్తున్నాడో, నవ్వుతున్నాడో, సిగ్గుపడుతున్నాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని దుప్పటి తియ్యలేదు.

ఒక మాట ఇక్కడే గట్టిగా చెప్పాలి. నేను కొట్టినదాన్ని కాబట్టి చెప్పగలను. దెబ్బలు తినేవాళ్లకి ‘ప్రార్థన చెయ్యమ్మా, ఓర్చుకో, దేవుడే అతన్ని మారుస్తాడు’ అని చెప్పకండి. దేవుడి బలం మీద ఆధారపడాల్సింది కొట్టేవాడు. తినేవాళ్లు ముందు ఆ ఇంట్లోంచి బయటపడాలి. దానికి దేవుడి చెయ్యి కావాలంటే 181 అనే మహిళా హెల్ప్‌లైన్ నంబరు కూడా ఆయన చెయ్యే.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. వాడు అనుమతి ఇచ్చాకే రాస్తున్నాను.

వాడు చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో టిప్పర్ తోలతాడు. తాగుడు. మొదట్లో రాత్రి క్వార్టర్, తర్వాత పొద్దున పళ్లు తోముకోకముందే. ఒక ఏడాది శ్రమకాలంలో పట్టుదలగా నలభై రోజులు మానాడు. మట్టల ఆదివారం నాడు మైకు ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు. తెల్ల షర్టు వేసుకుని, చేతిలో మట్ట పట్టుకుని, దేవుడు నన్ను పూర్తిగా విడిపించాడు అన్నాడు. సంఘమంతా చప్పట్లు. అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఈస్టర్ దాటిన పదో రోజున మళ్లీ తాగాడు. అది పెద్ద నష్టం కాదు. పెద్ద నష్టం ఏమిటంటే, ఆ మైకు ముందు నిలబడ్డ చర్చిలోకి మళ్లీ అడుగు పెట్టడానికి వాడికి మొహం చెల్లక రెండేళ్లు రాలేదు. వాడికి చర్చి అన్నిటికంటే ఎక్కువ అవసరమైన రోజుల్లో, చప్పట్లే తలుపు మూశాయి.

కాబట్టి సాక్ష్యం తొందరపడి చెప్పకండి, చెప్పించకండి. ఒక్కరోజులో మారిన మనిషి కథ మనకి తియ్యగా ఉంటుంది. మా ఒంగోలు చరిత్రలోనే అలాంటి రోజొకటి ఉంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తాతల తరం నుంచీ ఆ అంకె చెప్పుకుంటూనే ఉన్నాం. దాని ముందు జరిగింది ఎవరూ చెప్పరు. అది ధాత కరువు కాలం. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతూనే ఉన్నారు. కరువు సాయం నడిచినన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వస్తున్నారేమో చూద్దాం, ఆగుదాం అన్నాడు. ఏడాదికి పైగా ఆగాడు. ఆ ఆగడం వల్లే ఆ అంకెకి విలువ.

జాన్ న్యూటన్ సంగతి ఇంకా కఠినం. 1748 మార్చిలో తుపానులో ఓడ మునగబోతుంటే దేవుణ్ణి పిలిచాడు. ‘అమేజింగ్ గ్రేస్’ పాట రాసిన మనిషి మారింది ఆ రాత్రే అని ప్రసంగాల్లో చెబుతారు. ఆ రాత్రి తర్వాత కూడా ఆయన ఆఫ్రికా నుంచి బానిసల్ని మోసే ఓడల్లో పనిచేశాడు, వాటికి కెప్టెన్ అయ్యాడు. 1754లో జబ్బుచేసి సముద్రం మానాడు, ఆ వ్యాపారం పాపమని మాత్రం కాదు. 1764లో పాదిరి అయ్యాడు. బానిస వ్యాపారానికి ఎదురుగా కరపత్రం రాసి తన పాపం అచ్చులో ఒప్పుకుంది 1788లో. తుపాను రాత్రికీ ఆ కరపత్రానికీ మధ్య నలభై ఏళ్లు. ఆ కాలంలో ఎంతమంది ఆ ఓడల అడుగున గొలుసుల్లో ఉన్నారో తల్చుకుంటే నాకు ఆ పాట పాడేటప్పుడు గొంతు పట్టేస్తుంది. 1748లోనే ఎవరైనా ఆయన్ని మైకు ముందు నిలబెట్టి ఉంటే ఏం చెప్పేవాడు?

తమ్ముడు తిరిగి వచ్చింది ప్రార్థన వల్లే. కానీ మేం అనుకున్న దారిలో కాదు. రెండోసారి మానాలనుకున్నప్పుడు ఇంట్లోనే ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం. మూడు రోజులు గదిలో ఉంచి, చుట్టూ కూర్చుని ప్రార్థిస్తే వదిలిపోతుందని. రెండో రోజు సాయంత్రానికి చేతులు వణకడం మొదలైంది. రాత్రికి గోడ మీద చీమలు పాకుతున్నాయని దులపడం మొదలుపెట్టాడు. చీమలు లేవు. మాలో ఒకరు దయ్యం అన్నారు, గొంతు పెంచి గద్దించారు. నేను అక్కకి ఫోన్ చేశాను. ఆమె ఒకటే మాట అంది: ‘ప్రార్థన ఆపి ఆటో పిలువు.’

ఆ మాట అందరికీ సలహాగా ఇస్తున్నాను. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానితే ఒళ్లు తిరగబడుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి లేనివి కనబడటం, జ్వరం, మతి తప్పడం. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆస్పత్రిలో వాడికి బి1 విటమిన్ ఇంజక్షన్లు, వణుకు తగ్గే మందులు ఇచ్చి వారం ఉంచారు. అది దయ్యం కాదు, విశ్వాసం తక్కువై వచ్చిందీ కాదు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కి చేస్తే చెబుతారు, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ అది. ఆస్పత్రి వరండాలో కూర్చుని మేం చేసిన ప్రార్థన, గదిలో చేసిన ప్రార్థన కంటే చిన్నది. దేవుడు రెండూ విన్నాడు. మేమే మొదటిదానికి ఆయన పంపిన జవాబుని గుమ్మం బయట నిలబెట్టాం.

ఆస్పత్రి తర్వాత వాడు ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగులకి వెళ్లడం మొదలుపెట్టాడు. అవి ఎలా పుట్టాయో నాకు అప్పుడే తెలిసింది. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే ఆయన అమెరికాలోని ఆక్రన్ ఊరికి వ్యాపారం పని మీద వెళ్లాడు. పని చెడింది. తాగుడు మాని కొన్ని నెలలే అయింది. హోటల్లో ఒక పక్క బారు, నవ్వులు, గ్లాసుల చప్పుడు. ఇంకో పక్క ఫోను. ఆయన వెతికింది తనకంటే బలమైనవాణ్ణి కాదు. చర్చి పాదిరుల నంబర్లకి ఫోన్లు చేసి, మాట్లాడటానికి ఇంకో తాగుబోతు దొరుకుతాడా అని అడిగాడు. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే డాక్టరు. ఆయన ఆఖరి చుక్క అదే ఏడాది జూన్ 10న. 1939లో అచ్చయిన వాళ్ల పన్నెండు మెట్లలో మొదటిది, దీని ముందు మా బలం చాలదు అని ఒప్పుకోవడం. నా బైబిలు అట్ట మీది ఎనిమిదో వాక్యమే. వైద్య పరిశోధనల్ని సరిచూసే కోక్రేన్ సంస్థ 2020లో ఇచ్చిన సమీక్ష 27 అధ్యయనాల్లోని పదివేలమందికి పైగా లెక్కలు చూసింది. పూర్తిగా మానేసి ఉండటంలో ఈ పద్ధతి మిగతా పేరున్న చికిత్సలకి తీసిపోదు, కొన్నిటికంటే మెరుగని తేల్చింది. తమ్ముడికి ఈ లెక్కలు అక్కర్లేదు. అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టరక్కా, పడిపోయి వచ్చినా కుర్చీ వేస్తారు అంటాడు.

పడిపోయి రావడం గురించే ఇంకోటి. పడిన వారమే బల్ల దగ్గరికి వెళ్లండి. మన సంఘాల్లో మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. ఆ వారం తప్పు చేసినవాళ్లు వెనక బెంచీలో కూర్చుని, పళ్లెం వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపి పక్కవాళ్లకి ఇచ్చేస్తారు. అయోగ్యంగా తీసుకుంటే శిక్ష అని పౌలు రాశాడని భయం. నేను ఏడేళ్లలో ఎన్ని పళ్లేలు పక్కకి పంపానో. ఆ అధ్యాయం మొత్తం చదివితే కొరింథులో జరిగింది వేరు. ఉన్నవాళ్లు ముందే వచ్చి కడుపునిండా తిని తాగుతుంటే, లేనివాళ్లు ఆకలితో చూస్తూ ఉన్నారు. పౌలు మండిపడింది దాని మీద. తన్ను తాను పరీక్షించుకుని తినమన్నాడు, పరీక్షించుకుని మానమనలేదు. తప్పు దాచుకుని, మళ్లీ చేద్దామనుకుంటూ తీసుకోవద్దు, నిజమే. ఒప్పుకుని, చెయ్యి చాచినవాడికి ఆ రొట్టెముక్క కాక ఇంకేముంది? రోగం తగ్గాక ఆస్పత్రికి వస్తానంటే ఎలా?

ఇన్నీ విని, అయితే అంతా దేవుడే చేస్తాడు, మనం చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు అనుకునేవాళ్లుంటారు. 1875 నుంచి ఇంగ్లండులోని కెజిక్‌లో జరిగే కూటాల ద్వారా ఇలాంటి బోధ బాగా పాకింది. నువ్వు ప్రయత్నం వదిలెయ్, పూర్తిగా అప్పగించుకో, జయం దానంతటదే వస్తుందని. తర్వాత వేదాంత పండితుడైన జె.ఐ. ప్యాకర్ 1940లలో ఆక్స్‌ఫర్డులో చదువుకునేటప్పుడు దీన్ని నమ్మి, అప్పగించుకుని, మళ్లీ అప్పగించుకుని, ఇంకా ఏది అప్పగించలేదో వెతుక్కుంటూ అలసిపోయాడు. 1656లో జాన్ ఓవెన్ పాపాన్ని చంపడం గురించి రాసిన పాత పుస్తకం చేతికొచ్చాక ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. రోజూ పోరాడాలి, పోరాడే బలం ఆత్మది అని అందులో ఉంది. యొర్దాను పొంగి పారుతున్నప్పుడు నీళ్లు ఆగింది యాజకులు గట్టున నిలబడి చూస్తుంటే కాదు, మందసం మోసేవాళ్ల పాదాలు నీళ్లలో తడిశాక. నా ఓర్పు దేవుడిదే. అరటిపండు తినేది, హోంవర్కు పుస్తకం మూసి ఐదు నిమిషాలు డాబా మీదకి వెళ్లేది, అక్క ఫోన్ ఎత్తేది నేనే. మొదటి నెలలో ఎనిమిదిసార్లు ‘అయ్యిందక్కా’ అన్నాను. రెండో నెలలో ఐదు. నాలుగో నెలలో మళ్లీ ఏడు. తిన్నగా దిగలేదు.

చివరిది: మారానా లేదా అని మిమ్మల్ని మీరు తడుముకోకండి. నాటిన గింజని రోజూ తవ్వి చూసుకుంటే మొలవదు. నేను ఒకప్పుడు క్యాలెండరు గళ్లలో టిక్కులు పెట్టేదాన్ని. పది టిక్కులు వరసగా వస్తే గర్వం, ఒకటి తప్పితే నిరాశ. రెండిటిలోనూ చూసుకున్నది నన్నే. క్యాలెండరు తీసేశాను.

నేను వేగంగా దగ్గరికి వస్తే మావాడు కుడి మోచెయ్యి పైకెత్తి చెవి మీద అడ్డం పెట్టుకునేవాడు. నేను కొట్టబోయినా, అలమరలో ఉప్పు డబ్బా తీసుకోబోయినా ఒకటే. అది వాడికి తెలియకుండానే జరిగేది. నేను కూడా అలవాటు పడిపోయి చూడటం మానేశాను.

పోయిన వేసవిలో, వాడికి పన్నెండు నిండాక, ఒక సాయంత్రం పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. వాడు మంచినీళ్ల స్టీలు బిందె ఎత్తబోయి జార్చాడు. వంటిల్లంతా నీళ్లు, బిందె దొర్లుకుంటూ వెళ్లి గ్యాసు బండకి కొట్టుకుంది. ‘అమ్మా, జారిపోయింది’ అన్నాడు. మాప్ కర్ర తలుపు వెనక ఉంది. నేను గబగబా వాడి భుజం మీదుగా చెయ్యి చాచి అందుకున్నాను. వాడు అక్కడే నిలబడి, పాదాలు తడుస్తుంటే పైజామా మడుచుకుంటున్నాడు.

గుమ్మంలో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తయ్య, వాడు బయటికి వెళ్లేదాకా ఆగి, ‘వీడు ఈమధ్య చెయ్యి అడ్డం పెట్టుకోవడం లేదు, చూశావా?’ అంది.

నేను చూడలేదు. పాలు పొంగుతున్నాయి.